మొక్కల ఉత్తరాలు: పోరంబోకులో పెట్టే చెట్టు ఎవరిది?

ప్రశ్న: మేడమ్, మాది సీతారామపురం మండలంలో కొండ కింద ఊరు. మా పొదుపు సంఘం ఆడవాళ్లం ఇరవై రెండు మందిమి కలిసి ఊరి పోరంబోకు ఆరెకరాల్లో మందు చెట్లు పెంచుదామనుకుంటున్నాం. వేగిస, దుండిలం, తపసి లాంటివి కొండ మీద కనపడకుండా పోతున్నాయని మా పెద్దవాళ్లు బాధపడుతున్నారు. ఈ మధ్య ఊళ్లోకి ఒకాయన వచ్చి, మొత్తం ఎర్రచందనమే పెట్టండి, మొక్కకు ఇంత అని మాకు కట్టండి, ఇరవై ఏళ్ల తర్వాత మేమే కొంటాం, కోట్లు వస్తాయి అంటున్నాడు. మాలో కొందరు అటు మొగ్గుతున్నారు. ఏం చెయ్యమంటారు? చేతికి డబ్బు ఎప్పటికి వస్తుంది?
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆయనకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇరవై ఏళ్ల తర్వాత కొంటానని ఈరోజు చెప్పే మనిషి ఆ రోజుకు ఎక్కడుంటాడో మీకు తెలియదు. ధర అప్పటికి ఎంత ఉంటుందో, అమ్మకం రూల్స్ ఎలా ఉంటాయో ఆయనకూ తెలియదు. మొక్కలు కావాలంటే అటవీ శాఖ నర్సరీలో దొరుకుతాయి, మీరే పెంచుకోవచ్చు కూడా.

ఎర్రచందనం మీద నాకు కోపం లేదు. అది మన చెట్టు. శేషాచలం, పాలకొండలు, లంకమల, మన వెలిగొండలు, నల్లమల దక్షిణపు అంచు, ప్రపంచం మొత్తం మీద అది ప్రధానంగా తనంతట తాను పెరిగే చోట్లు ఇవే. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018లో దాన్ని తక్కువ ప్రమాదం ఉన్న వరుసలోకి మార్చింది. 2021 అంచనాలో మళ్లీ అంతరించే ప్రమాదం ఉన్న చెట్ల వరుసలోకే తెచ్చింది. పెంచడం తప్పు కాదు. నరకడానికీ, తరలించడానికీ మాత్రం అటవీ శాఖ అనుమతి ఉండాలి. ఆ అనుమతి అడిగేటప్పుడు వచ్చే మొదటి ప్రశ్న, చెట్టు ఎవరి నేలలో ఉంది అని. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఎర్రచందనం కాదమ్మా, పోరంబోకు.

ఎందుకో చెబుతాను. 2007లో మేమూ ఇలాగే మొదలుపెట్టాం. అప్పుడు నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఉదయగిరి దుర్గం ఎదురుగా కనిపించే ఒక ఊళ్లో పదిహేడు కుటుంబాలు, నాలుగెకరాల రాళ్ల నేల. నాలుగు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 250 మొక్కలు పడతాయి. వెయ్యి గుంతలు తీశాం. అన్నీ ఎర్రచందనమే. జులైలో మీటింగు పెట్టిన రోజున నాటాం. ఆగస్టు, సెప్టెంబరు ఎండలకు సగం పోయాయి. మన జిల్లాకు గట్టి వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి వస్తుంది. ఆ సంగతి పాఠంలో చెప్పే నేను, తెలిసీ ఆ తేదీకి తలూపాను. మూడో ఏడు మాఘమాసంలో కొండ మీద నుంచి నిప్పు దిగింది. ఎండిన బోదగడ్డి గంటలో అంటుకుంది. ఎర్రచందనం మొండిది, మొదలు దాకా కాలినా వేరు నుంచి చిగురేస్తుంది. అలా కొన్ని మిగిలాయి.

నిప్పుకు తట్టుకున్నాం కానీ కాగితానికి తట్టుకోలేకపోయాం. ఆరో ఏడు ఒక కార్యాలయం నుంచి మనుషులు వచ్చి, ఈ నేల మాది, చెట్ల మీద మీకేం హక్కు అని అడిగారు. మా దగ్గర ఉన్నది ఒక నోటుబుక్కు, అందులో పదిహేడు పేర్లు. నేల ఏ రకం పోరంబోకో నేను అడిగి తెలుసుకోలేదు. చదువుకున్నదాన్ని కదా, ఆ పని నాది. ఆ రోజు నుంచి కాపలా తాత రావడం మానేశాడు. వేసవిలో బిందెలతో నీళ్లు మోసిన ఆడవాళ్లు మళ్లీ అటు తిరిగి చూడలేదు. వాళ్లను తప్పుపట్టను. ఇప్పుడు అక్కడ 61 చెట్లున్నాయి. ప్రతి సంక్రాంతికీ వెళ్లి రొమ్ము ఎత్తులో టేపు పెట్టి కొలుస్తాను. అన్నింటికన్నా లావుదాని చుట్టుకొలత పోయిన పండక్కి 54 సెంటీమీటర్లు. అవి ఎవరివో ఇప్పటికీ తేలలేదు.

అందుకని గునపం పట్టుకునే ముందు మండల ఆఫీసుకు వెళ్లండి. సర్వే నంబరు, అది ఏ రకం పోరంబోకు, రెవెన్యూదా అడవిదా, కొలతలు, హద్దులు అన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత గ్రామసభ తీర్మానం. ఏయే చెట్లు పెడుతున్నారో, వాటి ఫలసాయం ఎవరికో, చివరికి నరికితే వచ్చే దాంట్లో పంచాయతీకి ఎంత, సంఘానికి ఎంతో అందులో ఉండాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ ఊళ్లో అది పేరుకే ఉంటే బతికించండి. మీ తోటను ఆ కమిటీ పనిగా, ఊరి మొక్కలు, జీవాల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కించండి. ఎర్రచందనం మొక్క ప్రతిదానికీ నర్సరీ బిల్లు దాచండి, నాటిన ఏడే అటవీ రేంజి ఆఫీసుకు లెక్క రాసివ్వండి. ఈ రాతల విలువ నేను ఊరికే చెప్పడం లేదు. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రంలో 198 మంది ఎర్రచందనం రైతులకు, ఆ చెక్కను వ్యాపారానికి వాడుకున్న వాళ్లు కట్టిన దాంట్లోంచి, లాభాల వాటా కింద సుమారు 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది. నెల్లూరు జిల్లా రైతులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. చెక్క ఫలానా రైతు నేలలో పెరిగిందని కాగితం చూపగలిగారు కాబట్టే ఆ వాటా వాళ్ల దాకా చేరింది.

ఇక మీలో మీకు రాసుకోవాల్సిన కాగితం ఒకటుంది. నా అనుభవంలో ఇదే కష్టం. ఇరవై రెండు మందిలో ఒకరు ఊరు విడిచి వెళితే ఆమె వాటా ఏమవుతుంది? పెళ్లయి వెళ్లిన కూతురికి తల్లి వాటా వస్తుందా? నీళ్లు పోయడానికి రాని వాళ్లకు ఎంత కోత? కాపలా మనిషికి జీతమా, వాటానా? చెట్టుకు నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించి, ఏడాదికోసారి అందరి ముందు చదవండి. గొడ్లు, గొర్రెలు మేపుకునే వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టండి. మన ప్రాంతంలో మేత నేలకు కంచె వేశామంటే జోడిపి గొర్రెల మందలు ఎక్కడికి పోతాయి? మేము వాళ్లను అడగలేదు. మా కంచె రెండుసార్లు తెగింది. ఒక అంచున అర ఎకరం సుబాబుల్, అవిశ, తుమ్మ వాళ్ల కోసమే వదలండి. ఆ మేరకు మీ కంచెకు కాపలా దొరుకుతుంది.

ఏ చెట్లు అనేది ఇప్పుడు మాట్లాడదాం. మందు చెట్టు అనగానే నేను అడిగేది, మనం దాని నుంచి తీసుకునేది ఏమిటి అని. కాయ, గింజ, ఆకు అయితే చెట్టు నిలబడి ఉంటుంది. బెరడు, వేరు, చేవ (మాను లోపలి గట్టి చెక్క) అయితే చెట్టు పోతుంది. ఆయుర్వేదంలో కలిపి వాడే పది వేళ్లు, దశమూలాల్లో దుండిలం ఒకటి. వేరు బెరడు కోసం దాన్ని పెళ్లగిస్తారు. వేగిసకు చేవ కోసం గొడ్డలి పడుతుంది. తపసి జిగురు కోసం ఏడాదికేడాది ఎడాపెడా గాట్లు పెడితే ఆ చెట్టు పుచ్చి పడిపోతుంది. జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2008లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాదికి వంద టన్నులకు పైగా వ్యాపారమయ్యే మందు మొక్కలు 178 రకాలుగా తేలాయి. వాటిలో ప్రధానంగా సాగు నుంచి వచ్చేవి 36 రకాలే. మిగతావాటిలో దాదాపు అన్నింటికీ అడవే గతి, లేదంటే పొలం గట్లు, బంజర్లు. మన కొండ మీద దుండిలం ఎందుకు కనపడటం లేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకని మీ ఆరెకరాల్లో మీకు కూడు పెట్టేవి కాయ చెట్లు కావాలి. వేగిస, దుండిలం, తపసి, ఎర్రచందనం మీరు కాపాడుతున్న చెట్లు కావాలి. ఈ రెండింటినీ కలిపి లెక్క వేయకండి. పైన రాళ్ల గట్టు రెండెకరాలు ఎర్రచందనానికీ తపసికీ ఇవ్వండి. ఎర్రచందనానికి మంచి నేల, డ్రిప్పు, యూరియా ఇస్తే చెట్టు లావెక్కుతుంది కానీ చేవ పట్టదు, లోపల తెల్లచెక్కే ఉంటుంది. రాళ్లలో, ఎండలో మెల్లగా పెరిగినదానికే విలువ. మట్టి లోతు ఉన్న నడిమి భాగంలో వేగిస, దాని మధ్య మధ్యలో ఉసిరి, కరక, తాని, కుంకుడు, చిల్లగింజ. కిందన వాగు తేమ తగిలే చోట దుండిలం, మారేడు, నేరేడు, గుమ్మడిటేకు. మీ వైపు నేల నేను చూశాను, ఈ వరుస సరిపోతుందనే నమ్మకం ఉంది. గట్టు ఎటు వాలుతుందో మాత్రం మీరే చూసుకుని మార్చుకోండి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. మొదటి రెండేళ్లు చెట్ల నుంచి ఏమీ రాదు. ఆ రెండేళ్లూ వరుసల మధ్య సునాముఖి, అదే నేలతంగేడు, గోరింట లాంటి ఆకు పంటలు వేసుకోవచ్చు. కానీ కొనేవాడి మాట తీసుకున్నాకే విత్తనం చల్లండి. గోతాల్లో ఎండిన ఆకు పెట్టుకుని ఊరూరా తిరిగిన వాళ్లను చూశాను. అంటు ఉసిరి మూడు, నాలుగేళ్లకు కాపు మొదలెడుతుంది. కుంకుడు, కరక కాపుకు వచ్చేసరికి మీ చంటిపిల్లలు హైస్కూలుకు వస్తారు. ఎర్రచందనం మీ మనవళ్లకు. గుంతలు, మొదటి ఏళ్ల నీళ్లు ఉపాధి హామీ పనుల్లో పెట్టించుకుంటే కూలీ మీకే వస్తుంది, దానికీ గ్రామసభ జాబితాలో పేరుండాలి. ఉసిరిని పచ్చిది అమ్మితే వ్యాపారి చెప్పిందే ధర. గింజ తీసి, ముక్కలు నీడపట్టున ఎండబెట్టి, తేమ లేకుండా మూట కట్టగలిగితే మీ చేతిలో కొంచెం పట్టు ఉంటుంది. ఈ పని ఇరవై రెండు మంది ఆడవాళ్లు బ్రహ్మాండంగా చేయగలరు.

విత్తనం గురించి ఒక మాట. మేము ఎర్రచందనం కాయ అంతా ఒకే చెట్టు కింద ఏరాం, సులువని. ఒకే తల్లి పిల్లలకు ఒకే రోగం తగులుతుంది. వాటికి పుట్టే విత్తనం కూడా బలహీనపడుతుంది. కనీసం పాతిక చెట్ల నుంచి, ఒకదానికొకటి దూరంగా ఉన్నవాటి నుంచి తీయండి. రిజర్వు అడవిలో అయితే రేంజరు గారి అనుమతి తీసుకుని వెళ్లండి, కాయ ఏరడమైనా సరే. ఫిబ్రవరి, మార్చిలో కాయ పండుతుంది. చుట్టూ ఉన్న రెక్క కత్తిరించి, మూడు రోజులు పేడనీళ్లలో నానబెట్టి మడిలో వేయండి. అన్నీ మొలవవు. మొలిచేవి కూడా ఒకేసారి మొలవవు. తొందరపడి మడి తిరగేయకండి. కవర్లలో ఆరేడు నెలలు పెరిగేసరికి అక్టోబరు వాన వస్తుంది, అప్పుడు నాటండి. నాటిన మొదటి జనవరిలోనే చుట్టూ పదడుగుల వెడల్పున గడ్డి చెక్కేయండి. నిప్పు అక్కడ ఆగుతుంది.

మీ ఊళ్లో యానాదుల ఇళ్లున్నాయని రాయలేదు కానీ ఉండే ఉంటాయి. వాళ్లను కూలీలుగా కాదు, సంఘంలో సభ్యులుగా చేర్చుకోండి. నేను పుస్తకంలో చదివిన చెట్లను కొండ మీద చూపించింది ఒక యానాది పెద్దమ్మ. వేగిసను గాటు పెట్టకుండా, ఆకు వాసనతో, కాయ చూసి చెప్పేది. బెరడు తీయాల్సి వస్తే ముదురు చెట్టుకు, ఒక్క పక్కన, నిలువునా బెత్తెడు పట్టీ మాత్రమే తీసేది, చుట్టూతా ఒలిచేది కాదు. ఆ గాయం మానేదాకా మళ్లీ ఆ చెట్టు దగ్గరికి పోయేది కాదు. ఆమె పోయి పదకొండేళ్లయింది. ఆమెకు తెలిసినదాంట్లో సగం కూడా నేను రాసుకోలేదు, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ పెద్దవాళ్లు ఏ చెట్టు ఎక్కడ ఉండేదని చెబుతున్నారో ఈ వేసవిలోనే కూర్చుని రాయండి.

ప్రశ్న: మేడమ్, కందుకూరు దగ్గర మా మెట్ట చేలో వంద శ్రీగంధం మొక్కలు పెట్టాను. కలుపు లేకుండా శుభ్రంగా ఉంచాను, నీళ్లు పెడుతున్నాను. అయినా ఆకులు పసుపుపచ్చగా అయి ఎండిపోతున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ మందు కొట్టాలి?

జవాబు: నాయనా, మందు ఏదీ కొట్టొద్దు. శుభ్రంగా ఉంచడమే ఇక్కడ ఇబ్బంది. శ్రీగంధం సగం పరాన్నజీవి. ఆకులతో తన ఆహారం తాను వండుకుంటుంది కానీ, నీళ్లూ కొన్ని పోషకాలూ పక్క మొక్కల వేళ్లకు తన వేళ్లను తగిలించి తీసుకుంటుంది. ఒంటరిగా పెడితే ఒకటి రెండేళ్లకే నీరసిస్తుంది. బతికి ఉన్నవాటి పక్కన మూరెడు దూరంలో వెంటనే కంది వేయి. అది మొదటి రెండేళ్లకు పనికొస్తుంది. శాశ్వతంగా తోడుండటానికి రెండు వరుసల మధ్య సరుగుడు గానీ కానుగ గానీ పెట్టు. సరుగుడు నారు మీ వైపు ఎక్కడైనా దొరుకుతుంది. నీళ్లు నిలవకుండా చూడు. పోయినవాటి చోట కొత్త మొక్క పెట్టేటప్పుడు, కవరులోనే పక్కన ఏదో ఒక తోడు మొక్క ఉన్నవి అడిగి తెచ్చుకో. ఇప్పుడు ఎండిన మొక్కల్లో ఎన్ని తేరుకుంటాయో దసరా నాటికి నాకు రాయి.

ప్రశ్న: నేను ఒంగోలులో రిటైర్డ్ ఉద్యోగిని. షుగర్ ఉంది. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగమని స్నేహితులు చెబితే కొన్నాను. నీళ్లకు రంగే రావడం లేదు. అది అసలైనదేనా? ఇది తాగుతూ మాత్రలు మానొచ్చా?

జవాబు: అయ్యా, మాత్రలు మానకండి. భారత వైద్య పరిశోధన మండలి, కొత్తగా షుగర్ బయటపడిన వాళ్లకు వేగిస చెక్క సారం ఇచ్చి పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించింది. చాలామందికి చక్కెర అదుపులోకి వచ్చింది. కానీ అది డాక్టర్లు కొలిచి ఇస్తూ, రక్తం పరీక్షిస్తూ చేసిన పని. ఇంట్లో గ్లాసు నీళ్లలోకి ఎంత సారం దిగిందో మీకూ నాకూ తెలియదు. మీ డాక్టరు గారికి చెప్పే తాగండి, మాత్రలతో కలిస్తే చక్కెర మరీ పడిపోయే వీలుంది.

అసలుదా కాదా అన్నది నీళ్లే చెబుతాయి. వేగిస చేవ నీళ్లలో త్వరగా రంగు దించుతుంది. గోధుమ రంగు నీళ్లను వెలుతురుకు పట్టి పక్క నుంచి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. ఎర్రచందనం రంగు నీళ్లలో దిగదు, సారాయిలో దిగుతుంది. పాత గ్లాసుకైతే రంగు తగ్గిపోతుంది. మీది కొత్తదై ఉండి రంగే రాకపోతే వేరే చెక్క అనుకోవాలి. ఇంకొక మనవి. గ్లాసు తొలవాలంటే ముదురు వేగిస మొదలు కావాలి, అందులో సగం చెక్క పొట్టుగా పోతుంది. అదే చేవ పేళ్లు గుప్పెడు నీళ్లలో వేసినా వచ్చేది ఆ సారమే. గ్లాసు కొనడం మానండి. సీతారామపురం ఆడవాళ్లు పెట్టబోయే చెట్లు గ్లాసుల వ్యాపారానికి పోకుండా మీలాంటి వాళ్లు ఆపగలరు.

ప్రశ్న: మాది ఉదయగిరి. మా నాన్న, పెద్దనాన్న చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తారు. చెక్క కోసం ఇప్పుడు కొండలో చాలా లోపలికి పోవాల్సి వస్తోంది. మందు చెట్ల తోటలో మా చెక్క చెట్లకు చోటు ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది తల్లీ, ఉండాలి కూడా. భౌగోళిక గుర్తింపు వచ్చిన పని మీది, ఆ చెక్క లేకపోతే ఆ గుర్తింపుతో ఏం చేస్తారు? మీ వాళ్లు వాడే బిక్కి మందు చెట్టే. దాని మొగ్గల చివర కారే పసుపు బంకను పాతకాలం నుంచి పిల్లల కడుపునొప్పికి వాడతారు. చిన్న చెట్టు, రాళ్లలో పెరుగుతుంది, కాబట్టి పై గట్టున ఎర్రచందనం వరుసల మధ్య సర్దుకుంటుంది. నర్ది, కలివి కూడా పెట్టొచ్చు. గరిటెకు మాను అంతా అక్కర్లేదు కదా, కొమ్మ కోసుకుంటూ చెట్టును నిలుపుకోవచ్చా అన్నది మీ నాన్నగారే చెప్పగలరు. ఆయన్ని కూర్చోబెట్టి, ఏ గరిటెకు ఏ చెట్టు, ఎంత లావు కొమ్మ, ఏ నెలలో కోసింది పగలదు, అన్నీ రాసి నాకు పంపు. సీతారామపురం వాళ్ల నర్సరీ జాబితాలో ఆ పేర్లు కలుపుతాను.